తోర్తోసా: ఒండ్రు పెంచిన ఊరు (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

పోయిన సంచికలో స్పెయిన్ నదుల గురించి రాస్తూ ఎబ్రో నది పేరెత్తాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ నది చివర ఉన్న తోర్తోసా ఊరి గురించే. అందుకని ఈసారి ప్రశ్నలన్నీ ఆ ఊరివే తీసుకున్నాం.

ప్రశ్న: మా మనవడు బార్సిలోనాలో చదువుకుంటున్నాడు. సెలవులకి తోర్తోసా వెళ్ళి, అక్కడి నుంచి సముద్రం వైపు దిగితే అంతా వరి చేలేనని ఫోటోలు పంపాడు. కాలవలు, గట్లు, కొంగలు, అన్నీ మన కోనసీమలాగే ఉన్నాయి, కొబ్బరి చెట్లే లేవు. స్పెయిన్‌లో ఇంత వరి ఎక్కడ నుంచి వచ్చింది?
*(ఒక పాఠకురాలు, అమలాపురం)*

జవాబు: మీ మనవడు చూసింది ఎబ్రో డెల్టా అమ్మా. మీకు కోనసీమ గుర్తుకు రావడంలో వింతేమీ లేదు. గోదావరి పడమటి సముద్రానికి దగ్గర్లో నాసిక్ కొండల్లో పుట్టి, దేశాన్ని అడ్డంగా దాటి తూర్పు సముద్రంలో కలుస్తుంది కదా. ఎబ్రో కూడా అంతే, ఉత్తరాన బిస్కే తీరానికి దగ్గర్లోనే కాంతాబ్రియా కొండల్లో పుడుతుంది కానీ అటు పోకుండా ఆగ్నేయంగా 930 కిలోమీటర్లు నడిచి మధ్యధరా సముద్రంలో కలుస్తుంది. తోర్తోసా ఈ దారికి దాదాపు చివర, నది కొండల మధ్య నుంచి బయటపడి మైదానంలోకి వచ్చే చోట, ఎడమ గట్టు మీద ఒక చిన్న గుట్టని ఆనుకుని పుట్టిన ఊరు. పడమటి వైపు ఎల్స్ పోర్ట్స్ పర్వతాలు, వాటిలో ఎత్తైన శిఖరం మోన్ కారో 1,441 మీటర్లు. ఇంకో పక్క కార్దో కొండలు. ఈ రెంటి మధ్య సందులోంచి శీతాకాలంలో వాయవ్యపు గాలి ఎంత జోరుగా దిగుతుందో ఆ ఊరివాళ్ళని అడగాలి.

ఇక వరి సంగతి. డెల్టా మొత్తం 320 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందులో సుమారు 20 వేల హెక్టార్లు, అంటే మన లెక్కలో 50 వేల ఎకరాలు, వరే. తోర్తోసా ఉన్న కాటలోనియా ప్రాంతంలో పండే వరి దాదాపు అంతా ఇక్కడిదే. పాయెయ్యా అనే స్పెయిన్ అన్నం వంటకానికి ఇష్టపడి కొనే బొంబా అనే పొట్టి గింజ రకం కూడా ఇక్కడ పండుతుంది. ఏప్రిల్‌లో కాలవలకి నీళ్ళు వదులుతారు, ఏప్రిల్ చివరా మే మొదట్లో విత్తనాలు చల్లేస్తారు, సెప్టెంబరులో కోతలు. ఏడాదికి ఒక్క పంటే, మనలాగా దాళ్వా లేదు, అక్కడి చలి అందుకు ఒప్పుకోదు.

ఈ వరి పాతకాలం నుంచీ ఇంత విస్తారంగా ఉన్నది కాదు. 19వ శతాబ్దం మధ్యలో ఒక కంపెనీ ఎబ్రో మీద సముద్రం నుంచి ఎగువనున్న సరగోసా నగరం దాకా పడవలు నడపాలని పూనుకుంది. అంతలో రైలు వచ్చేసింది, పడవల వ్యాపారం గిట్టుబాటు కాలేదు. ఆ కంపెనీ తవ్వించిన కుడి కాలవ మాత్రం 1860లో పొలాలకి పారడం మొదలుపెట్టింది. చౌడు నేలల్లో ఉప్పుని కడగాలంటే మంచినీళ్ళు నిలబెట్టాలి, నిలబెట్టిన నీళ్ళలో బతికే పంట వరి, అలా డెల్టా వరి చేనైంది. ఎడమ కాలవ 1912లో వచ్చింది. రెండిటికీ నీళ్ళు తోర్తోసాకి ఎగువన చెర్తా దగ్గరున్న పాత ఆనకట్ట నుంచే వెళ్తాయి. ఆ కట్ట నదికి ఏటవాలుగా అడ్డంగా ఉంటుంది, 15వ శతాబ్దం నాటిది. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, అంటే ఇక్కడా అక్కడా ఇంచుమించు ఒకే పదేళ్ళలో రెండు డెల్టాల రాత మారింది. అక్కడ దోమలతో, మలేరియాతో మొదటి తరం కూలీలు పడిన కష్టం మాత్రం ఎంత చెప్పినా తక్కువే.

ప్రశ్న: చరిత్ర విద్యార్థిని. తోర్తోసాలో ముస్లింలు, యూదులు, క్రైస్తవులు కలిసి బతికారని ఒకచోట చదివాను, మతాల మధ్య పెద్ద గొడవ జరిగిందని ఇంకోచోట చదివాను. ఏది నిజం?
*(ఒక పాఠకుడు, వరంగల్)*

జవాబు: రెండూ నిజమే, కాకపోతే వేర్వేరు కాలాల్లో. రోమన్ల నాటికే ఇది పెద్ద ఊరు, దెర్తోసా అనేవాళ్ళు. అక్కడి కేథడ్రల్‌లో భద్రపరిచిన ఒక పాత సమాధి రాయి ఉంది, మెలియోసా అనే యూదు యువతిది, దాని మీద హీబ్రూ, లాటిన్, గ్రీకు మూడు లిపుల్లో చెక్కారు. అరబ్బుల పాలన రాక ముందటి రాయి అది. ఒక ఆడపిల్ల సమాధి మీద మూడు భాషలు అవసరమయ్యాయంటే ఆ రేవులో ఎవరెవరు దిగేవాళ్ళో ఊహించుకోండి.

8వ శతాబ్దం మొదట్లో ఊరు ముస్లింల చేతికి వెళ్ళింది, నాలుగు వందల ఏళ్ళకు పైగా వాళ్ళ దగ్గరే ఉంది. ఆ కాలం తోర్తోసాకి చాలా మంచి కాలమని నా అభిప్రాయం. పక్క కొండల్లో దొరికే పైన్ కలప ఓడలకి బాగా పనికొస్తుంది, దాన్ని నదిలో తేల్చుకుంటూ తెచ్చేవాళ్ళు. కార్దోవా ఖలీఫా మూడో అబ్దుల్ రహమాన్ 944-45లో ఇక్కడ ఓడలు కట్టే కార్ఖానా పెట్టించాడు, ఆ సంగతి చెక్కిన అరబ్బీ శిలాశాసనం ఇప్పటికీ కేథడ్రల్ గోడలోనే ఉంది. ఈ ఊరి యూదు ఇబ్రాహీం ఇబ్న్ యాకూబ్ 960ల్లో మధ్య ఐరోపా అంతా తిరిగి రాసిన విశేషాల్లోనే ప్రాగ్ నగరం గురించిన తొలి వర్ణన దొరుకుతుంది. హీబ్రూ భాషకి నిఘంటువు తయారుచేసిన మెనహెం బెన్ సరూక్ ఇక్కడి వాడే. రాజనీతి మీద పెద్ద గ్రంథం రాసి ఈజిప్టులో స్థిరపడిన అబూ బకర్ అల్-తుర్తూషీ కూడా ఈ ఊరి వాడే, ఇంటిపేరులోనే ఊరు కనిపిస్తుంది.

1148లో బార్సిలోనా కౌంటు నాలుగో రామోన్ బెరెంగేర్ ఇటలీ రేవు నగరం జెనోవా నౌకాదళాన్ని, టెంప్లర్లనే క్రైస్తవ సన్యాసి యోధుల్ని, ఇంకా పడమటి దేశాల నుంచి మతయుద్ధానికి వచ్చిన క్రూసేడర్లని వెంటబెట్టుకొచ్చి ముట్టడించాడు. ఆ ఏడాది చివరి రోజుల్లో కోట లొంగింది. సాయానికి ప్రతిఫలంగా ఊళ్ళో మూడో వంతు జెనోవా వాళ్ళకి దక్కింది, అయిదేళ్ళకి దాన్ని మళ్ళీ కౌంటుకే అమ్మేశారు. ఒక రేవు ఊరి విలువ ఏమిటో ఈ బేరంలోనే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా ముస్లింలు, యూదులు తమ పేటల్లో ఉండి పన్నులు కట్టుకుంటూ బతికారు. ఊరి న్యాయ స్మృతిని 1270ల్లో కాటలాన్ భాషలో రాసుకున్నారు. లాటిన్ తెలియని మామూలు మనిషికి కూడా చట్టం తన భాషలో ఉండడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

మీరన్న గొడవ 1413-14 నాటిది. పోపు పదవి కోసం పోటీపడుతున్న పదమూడో బెనెడిక్ట్, అప్పట్లో తోర్తోసా ఉన్న అరగాన్ రాజ్యంలోని యూదు పండితులని ఇక్కడికి పిలిపించి మతచర్చ పెట్టాడు. దాదాపు రెండేళ్ళు, అరవైకి పైగా సమావేశాలు. క్రైస్తవ పక్షాన ప్రధానంగా వాదించినవాడు అంతకు ముందు యూదుడే, మతం మారి వచ్చినవాడు. చర్చ అనే మాట అక్కడ వాడకూడదంటాను నేను, ఎందుకంటే తీర్పు ముందే రాసి ఉంది, యూదు పండితులు తమ ఊళ్ళు, తమ జనం బిక్కుబిక్కుమంటుంటే నెలల తరబడి అక్కడ కూర్చోవలసి వచ్చింది. చాలామంది ఒత్తిడికి మతం మారారు. 1492లో మిగిలినవాళ్ళని స్పెయిన్ నుంచే వెళ్ళగొట్టారు. ఇవాళ తోర్తోసా యూదు పేటలో ఇరుకు సందులు ఉన్నాయి, ఫలకాలు ఉన్నాయి, ఆ మనుషుల వారసులు లేరు.

ఇంకో చిన్న సంగతి. 1522లో పోపు అయిన ఆరో ఏడ్రియన్ అంతకు ముందు తోర్తోసా బిషప్పు. 16వ శతాబ్దంలోనే అయిదో చార్లెస్ చక్రవర్తి ఇక్కడ, మతం మారిన ముస్లింల పిల్లల కోసం కళాశాల పెట్టించాడు. దాని లోపలి వరండాలో రాజుల బొమ్మలు చెక్కిన రాతిపని చూడాల్సిందే.

ప్రశ్న: ఓడలు కట్టారు, జెనోవా వాళ్ళు ఓడల్లో వచ్చారు అంటారు, మ్యాపులో చూస్తే సముద్రం ఎక్కడో ఉంది. అప్పట్లో సముద్రం దగ్గరగా ఉండేదా?
*(ఒక పాఠకుడు, మచిలీపట్నం)*

జవాబు: బందరు నుంచి ఈ ప్రశ్న రావడం నాకు సంతోషంగా ఉంది, రేవు మేట వేయడమంటే మీకు వేరే చెప్పక్కర్లేదు. అవును, అప్పట్లో సముద్రం ఇప్పటికంటే చాలా దగ్గర. రోమన్ల కాలంలో ఇప్పుడున్నంత డెల్టా లేదు. ఎగువన అరగాన్, నవార్రె ప్రాంతాల్లో అడవులు కొట్టి పొలాలు చేసుకుంటూ, గొర్రెల మందలు మేపుకుంటూ పోయారు. వానకి కొట్టుకొచ్చిన మట్టంతా ఎబ్రో మోసుకొచ్చి ముఖద్వారం దగ్గర పోసింది. మధ్యయుగాల చివరి నుంచి ఆ పోత బాగా ఎక్కువైంది. ఏడాదికేడాదికి నేల ముందుకి జరిగింది, పాయలు దారి మార్చుకున్నాయి, పెద్ద ఓడలకి ఇసుక తిన్నెలు అడ్డం పడ్డాయి.

ఊరు వెంటనే పడిపోలేదు. ఎగువ నుంచి గోధుమలు, ఉన్ని, కలప చిన్న పడవల్లో దిగేవి, డెల్టాలో తయారైన ఉప్పు ఎగువకి వెళ్ళేది, మధ్యలో సుంకం తోర్తోసాది. 18వ శతాబ్దం చివర్లో మూడో కార్లోస్ రాజు తోర్తోసాకి దిగువనున్న అంపోస్తా నుంచి సముద్రానికి కాలవ తవ్వించి, సాన్ కార్లెస్ దె లా రాపితా దగ్గర కొత్త రేవు పట్నం మొదలుపెట్టించాడు. రాజు పోయాక అదీ సగంలో ఆగింది. రైలొచ్చాక నది మీద రవాణా క్రమంగా సన్నగిల్లింది. అలా తోర్తోసా సముద్రాన్ని పోగొట్టుకుంది, దానికి బదులుగా కింద వేల ఎకరాల నేల వచ్చింది. ఆ నేల మీద పెరిగిన ఊళ్ళలో దెల్తెబ్రె ఒకటి, 1977 దాకా తోర్తోసాలో భాగంగానే ఉండి తర్వాత వేరే మునిసిపాలిటీ అయింది.

ప్రశ్న: నది మధ్యలో ఒక ఇనప స్తంభం, పైన గద్ద బొమ్మ ఉన్న ఫోటో చూశాను. అదేమిటి?
*(ఒక పాఠకురాలు, హైదరాబాద్)*

జవాబు: స్పెయిన్ అంతర్యుద్ధం గుర్తు. 1938 ఏప్రిల్‌లో, ప్రభుత్వం మీద తిరగబడిన సైన్యాధికారి ఫ్రాంకో సేన మధ్యధరా తీరానికి చేరి, రిపబ్లిక్ ప్రభుత్వం చేతిలో ఉన్న నేలని రెండు ముక్కలు చేసింది. తోర్తోసా కుడి గట్టు ఫ్రాంకో వైపు, ఎడమ గట్టు రిపబ్లిక్ వైపు, మధ్యలో నదే సరిహద్దు. వంతెనలు పేల్చేశారు. విమానాలు ఊరిని అంతకు ముందు నుంచే బాంబులతో కొట్టాయి, జనం వెళ్ళిపోయారు. జూలై 25న రిపబ్లిక్ సైన్యం రాత్రికి రాత్రి పడవల్లో నది దాటి ఎదురుదాడి చేసింది, అదే ఎబ్రో యుద్ధం, నవంబరు 16 దాకా నడిచింది. ఆ అంతర్యుద్ధంలో అంత పెద్ద, అంత సుదీర్ఘమైన పోరాటం ఇంకోటి లేదు. రిపబ్లిక్ అందులో ఓడింది, కొన్ని నెలలకి యుద్ధమే ఓడింది.

కూలిపోయిన వంతెన స్తంభం ఒకటి నదిలో మిగిలితే, దాని మీద 1966లో ఈ కట్టడం నిలబెట్టారు, ఫ్రాంకోయే వచ్చి ప్రారంభించాడు. గెలిచినవాడు తన గెలుపుకి తానే కట్టుకున్న గుర్తు అది. తీసేయాలా వద్దా అని 2016లో ఊళ్ళో ఓటింగ్ పెడితే, ఉంచి దాని అర్థం మార్చి చెబుదామన్న వాళ్ళే ఎక్కువమంది. ఆ తర్వాత కాటలోనియా ప్రభుత్వం తీసేస్తామంటే కొందరు కోర్టుకి వెళ్ళారు. నన్నడిగితే తీసి మ్యూజియంలో పెట్టడమే న్యాయం, యుద్ధంలో తండ్రుల్ని పోగొట్టుకున్న వాళ్ళు రోజూ దాన్ని చూస్తూ వంతెన దాటారు. ఊరివాళ్ళు వేరేలా తేల్చుకున్నారు, ఆ హక్కు వాళ్ళది.

ప్రశ్న: నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎబ్రో డెల్టా సముద్రంలో కలిసిపోతోందని విన్నాను. ఎగువ డ్యాముల నుంచి నీళ్ళు ఎక్కువ వదిలితే సరిపోదా? నీళ్ళ తరలింపు మీద అక్కడ పెద్ద ఉద్యమం నడిచిందంటారు, దాని గురించి కూడా చెప్పండి.
*(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)*

జవాబు: ఇంజనీరు గారూ, ఈ ఉత్తరం కోసమే ఎదురుచూశాను, ఎందుకంటే తోర్తోసా గురించి అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది.

తరలింపుతో మొదలుపెడతాను. 2001లో స్పెయిన్ ప్రభుత్వం జాతీయ జల ప్రణాళిక చట్టం చేసింది. ఎబ్రో దిగువ భాగం నుంచి ఏడాదికి 105 కోట్ల ఘనపు మీటర్లు, మీ లెక్కలో సుమారు 37 టీఎంసీలు, బార్సిలోనా వైపు కొంత, దక్షిణాన వాలెన్సియా, ముర్సియా, అల్మెరియా వైపు మిగతాది పంపాలని అందులో ఉంది. అంతకు ముందే 2000లో దిగువ ఎబ్రో జనం ఒక వేదిక కట్టుకున్నారు. ముడి వేసిన పైపు బొమ్మ వాళ్ళ గుర్తు, నదే ప్రాణం అన్నది వాళ్ళ నినాదం. రైతులు, చేపలు పట్టేవాళ్ళు, బడిపిల్లలు, అమ్మమ్మలు అందరూ వీధుల్లోకి వచ్చారు, బార్సిలోనాలో, మాద్రిద్‌లో లక్షలమందితో ఊరేగింపులు జరిగాయి. 2004లో ప్రభుత్వం మారగానే ఆ తరలింపు రద్దయింది. ఒక చిన్న ప్రాంతం అంత పెద్ద ప్రాజెక్టుని ఆపగలిగింది, గొప్ప విషయమే. కానీ నీళ్ళు నిలబెట్టుకున్నా డెల్టా తగ్గడం ఆగలేదు, కారణం మీరు ఊహించే ఉంటారు.

డెల్టాని కట్టింది నీళ్ళు కాదు, ఒండ్రు. తోర్తోసాకి ఎగువన వరసగా మూడు డ్యాములు: ఫ్లిష్ 1948లో, మెకినెన్సా 1966లో, ఆ రెంటి మధ్య రిబా-రోజా ఇంచుమించు అదే దశకంలో. మెకినెన్సా జలాశయం ఒక్కటే సుమారు 153 కోట్ల ఘనపు మీటర్లు, అంటే 54 టీఎంసీలు, నది వెంట వంద కిలోమీటర్లకు పైగా నీళ్ళు నిలిచి ఉంటాయి. అంత నిలకడ నీళ్ళలో మట్టి కిందికి దిగిపోకుండా ఎలా ఉంటుంది? డ్యాములు లేనప్పుడు వచ్చిన ఒండ్రులో ఇప్పుడు సముద్రం దాకా చేరుతున్నది ఒక్క శాతం మాత్రమేనని పరిశోధకుల అంచనా. ఈ డ్యాముల వల్ల పాత మెకినెన్సా ఊరు కూడా పోయింది, జనమంతా కొత్త ఊరు కట్టుకుని తరలిపోయారు.

డెల్టా నేల సహజంగానే తన బరువుకి తాను కాస్త కాస్త కుంగుతుంది, ఏటా కొత్త ఒండ్రు పడితే ఆ లోటు పూడుతుంది. పడకపోతే నేల కుంగుతుంది, సముద్రం పెరుగుతుంది, రెండూ ఒకేసారి. బూదా లంక దగ్గర 1864లో యాభై మీటర్ల ఎత్తున ఇనప లైట్‌హౌస్ కట్టారు. తీరం కోసుకుపోయి 1961లో అది సముద్రంలో కూలింది, మిగిలిన ఇనుము ఇప్పుడు ఒడ్డుకి చాలా దూరంగా నీళ్ళ అడుగున ఉంది. తీరం కదలడం డ్యాములకి ముందు నుంచీ ఉన్నదే, పాయ దారి మారితే ఒకచోట కోత పడి ఇంకోచోట మేట వేసేది. ఇప్పుడు కోత మాత్రమే మిగిలింది. 2020 జనవరిలో గ్లోరియా తుఫాను వచ్చినప్పుడు సుమారు 3 వేల హెక్టార్ల వరి మడులు ఉప్పునీటిలో మునిగాయి. దక్షిణపు ఇసుక కట్ట ట్రబుకాదోర్ తెగిపోయింది. నదిలో ప్రవాహం తగ్గితే అడుగు నుంచి ఉప్పునీళ్ళు అంపోస్తా దాకా ఎగబాకుతాయి. 2023లో కరువు వచ్చి కాలవలకి సగం నీళ్ళే ఇచ్చినప్పుడు చౌడు మళ్ళీ పైకి తేలి రైతులు నష్టపోయారు. వీటన్నిటి మీద దక్షిణ అమెరికా నత్త ఒకటి 2009 నుంచి వరిని తింటోంది. దాన్ని చంపడానికి చలికాలంలో మడుల్లోకి సముద్రపు నీళ్ళు కూడా పెట్టి చూశారంటే ఆ రైతుల అవస్థ అర్థం చేసుకోండి, ఉప్పుని కడగడానికే వరి వేసిన నేల అది.

ఇక నీళ్ళు వదిలితే సరిపోదా అన్నారు. వదులుతున్నారు, నదిలో పెరిగే నాచు, కలుపు కొట్టుకుపోయేలా కృత్రిమ వరదలు వదలడం ఇరవై ఏళ్ళ పైనుంచీ ఉంది. అవి నదిని కడుగుతాయి గానీ డెల్టాకి మట్టి తేవు, ఎందుకంటే మట్టంతా పెద్ద జలాశయాల అడుగున ఉంది, గేట్లు ఎత్తితే వచ్చేది పైనున్న తేట నీరు. పైగా తేట నీరు దారిలో ఉన్న కాస్త ఇసుకనీ గట్లనీ కూడా కోసేస్తుంది. అయితే అడుగున ఉన్న బురదని తవ్వి కిందికి పంపొచ్చుగా అంటే, ఫ్లిష్ దగ్గర ఇంకో చిక్కుంది. అక్కడ 19వ శతాబ్దం చివర్లో మొదలైన రసాయనాల ఫ్యాక్టరీ వ్యర్థాలు దశాబ్దాల పాటు నదిలో కలిశాయి, పాదరసం, డీడీటీ లాంటివి జలాశయం బురదలో పేరుకున్నాయి, వాటిని తవ్వి తీయడానికే ఏళ్ళు పట్టింది. కాబట్టి ఎగువ బురదని తోర్తోసా తాగునీటి నదిలోకి తోసేముందు ఎక్కడిది, ఏముందీ అని పరీక్షించక తప్పదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అక్కడి రైతులు, శాస్త్రవేత్తలు ఏళ్ళుగా అడుగుతున్నదే సరైన దారి: డ్యాముల దగ్గర పోగయిన ఒండ్రులో శుభ్రమైన భాగాన్ని డ్యాములు దాటించి కింద నదిలోకి వదలాలి, కాలవల ద్వారా మడుల్లోకీ పంపాలి. ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నకి కూడా జవాబుంది, ఆ డ్యాముల మీద కరెంటు అమ్ముకున్న వాళ్ళు అందులో వాటా మోయాలి. బండరాళ్ళతో సముద్రపు గోడలు కడితే ఒకచోట ఆగిన కోత పక్క ఊరి మీద పడుతుంది. ఉప్పాడలో ఇలాంటివి మీరు చూసే ఉంటారు. మన కృష్ణా, గోదావరి డెల్టాలకి కూడా డ్యాముల వల్ల ఒండ్రు బాగా తగ్గిపోయింది, మన దగ్గర టీఎంసీల లెక్క అడిగినంత గట్టిగా మట్టి లెక్క ఎవరూ అడగడం లేదు. మీలాంటి అనుభవజ్ఞులు రాస్తే ఆ లెక్కని ఈ పేజీల్లో ప్రచురిస్తాం.

ప్రశ్న: మేం డబ్లిన్‌లో ఉంటాం. పిల్లలతో ఒక వారం బార్సిలోనా వస్తున్నాం. తోర్తోసాకి ఒక రోజు కేటాయిస్తే ఏం చూడొచ్చు?
*(ఒక పాఠకురాలు, డబ్లిన్)*

జవాబు: బార్సిలోనా నుంచి సుమారు 180 కిలోమీటర్లు, నేరుగా రైలుంది, మామూలు రైళ్ళకి రెండున్నర గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. వీలైతే రెండు రోజులు పెట్టుకోండి, ఊరికి ఒకటి, డెల్టాకి ఒకటి.

ఊళ్ళో ముందు గుట్ట మీదున్న సుదా కోట ఎక్కండి. ఇప్పుడది ప్రభుత్వ హోటల్, పైనుంచి నది, పాత ఊరు, ఎదురుగా కొండలు అన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. దిగి వచ్చి కేథడ్రల్ చూడండి, 1347లో మొదలుపెట్టారు, బయటి ముఖభాగం ఇప్పటికీ సగంలోనే ఉంది. పైన చెప్పిన అరబ్బీ శాసనం అక్కడే అడగండి. చక్రవర్తి కళాశాల వరండా, నది ఒడ్డు మార్కెట్ నడిచేంత దూరంలోనే. పిల్లలకి సైకిళ్ళు ఇష్టమైతే 1973లో మూతపడిన రైలు మార్గాన్ని సైకిల్ బాటగా మార్చారు, సొరంగాల గుండా, నది పక్కగా వెళ్తుంది. పక్కనే రోకెతెస్‌లో 1904లో జెస్యూట్లు (కేథలిక్ సన్యాసుల సంఘం వాళ్ళు) పెట్టిన ఎబ్రో అబ్జర్వేటరీ ఉంది, సూర్యుడికీ భూమి అయస్కాంతత్వానికీ సంబంధాన్ని చూడడానికి మొదలైంది, చూడాలంటే ముందుగా అడిగి వెళ్ళండి.

డెల్టాకి మాత్రం సొంత కారో అద్దె కారో ఉండాలి, బస్సులు తక్కువ. ఫ్లెమింగోలు దక్షిణపు ఉప్పు మడుల వైపు ఎక్కువ. మే నెలలో వెళ్తే మడులన్నీ నీళ్ళతో నిండి ఉంటాయి, ఆగస్టులో పచ్చగా, సెప్టెంబరులో కోతలు చూడొచ్చు. జూలై, ఆగస్టుల్లో సాయంత్రాలు దోమల టెన్షన్ ఉంటుంది, చిన్నపిల్లలున్నారు కాబట్టి పొడుగు చేతుల చొక్కాలు, దోమల క్రీము మర్చిపోకండి.